పనితనం గడప దాటే దారి

గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో, ఉత్తర ధ్రువానికి చాలా దగ్గరగా, ధ్రువ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల్లో ఇనుగ్విట్ అనే చిన్న సమాజం నివసిస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో అక్కడికి చేరిన అన్వేషకులకు ఒక విచిత్రం కనిపించింది. సముద్రాన్ని నమ్ముకుని బతికే ఆ జనానికి తోలు పడవ కట్టడం రాదు, విల్లంబులు చేయడం రాదు, చేపలను పొడిచే శూలాలు లేవు. వాళ్ల పూర్వికులకు మాత్రం ఇవన్నీ వచ్చు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు వచ్చిన అంటువ్యాధి పెద్దవాళ్లను ఎక్కువగా బలి తీసుకోవడంతో, వాళ్లతోపాటే ఆ విద్యలు కూడా పోయాయి. చనిపోయినవారి పనిముట్లను వారితోనే పూడ్చిపెట్టే అలవాటు ఉండటం వల్ల, చూసి నేర్చుకోవడానికి పాత వస్తువు కూడా మిగల్లేదు. 1860లలో కెనడాలోని బాఫిన్ ద్వీపం నుంచి మంచు దాటి వచ్చిన మరో ఇన్యూట్ బృందం నేర్పిన తర్వాతే ఆ పడవలు, ఆ విల్లంబులు మళ్లీ వాళ్ల చేతికి వచ్చాయి.

ఈ ఉదంతంలో రెండు కారణాలు పెనవేసుకుని ఉన్నాయి. గడ్డకట్టిన సముద్రం ఆ కొద్దిమంది జనానికి ఇరుగుపొరుగు లేకుండా చేసింది. అది భూగోళం చేసిన పని. విద్య తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి తప్ప మరో దారిలో సాగకపోవడం రెండోది. అది కుటుంబం చేసిన పని. నాగరికతల సాంకేతిక ప్రగతి గురించి రాసేవారు సాధారణంగా ఈ రెండింటిలో ఒకదాని పక్షం వహించి రెండోదాన్ని కొట్టిపారేస్తుంటారు. కొన్నేళ్లుగా ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతున్న నాకు అది అనవసరమైన వాదులాట అనిపిస్తుంది. ఒక సమాజానికి ఏ పని తప్పనిసరో, ఏ సరుకు చేతికి అందుతుందో నేల చెబుతుంది. ఆ పనిలో కుదిరిన నేర్పు ఎవరి చేతికి చేరాలో, ఎవరి చేతికి చేరకూడదో ఎక్కువగా ఇంటి కట్టుబాటు చెబుతుంది.

నేల గురించి చెప్పవలసింది చాలామంది చెప్పారు కాబట్టి అందులో నాకు ముఖ్యమనిపించిన రెండు విషయాలతో సరిపెడతాను. మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతపు తవ్వకాల్లో చక్రాలున్న మట్టి జంతుబొమ్మలు దొరికాయి. అంటే కొలంబస్ రాకకు ఎన్నో శతాబ్దాల ముందే అక్కడివారికి చక్రం, ఇరుసు తెలుసు. కానీ బండి లేదు, ఎందుకంటే బండి లాగే ఎద్దు గాని గుర్రం గాని ఆ ఖండంలో లేదు; దక్షిణాన ఆండీస్ కొండల్లో ఉన్న లామా మూట మోస్తుంది తప్ప బండి లాగదు. తెలివి ఉన్నా దానికి పని లేకపోతే అది బొమ్మగానే మిగిలిపోతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

రెండోది టాస్మానియా. సుమారు 12 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం పెరగడంతో ఆ ప్రాంతం ఆస్ట్రేలియా నుంచి విడిపోయి ద్వీపమైంది. ఆ ద్వీపవాసులు ఒకప్పుడు ఎముకతో సూదులు, మొనలు చేసుకునేవారు, చేపలు పట్టేవారు. సుమారు మూడున్నర వేల ఏళ్ల కిందటి పొరల తర్వాత తవ్వకాల్లో ఎముక పనిముట్లు కనిపించవు, చేపల ముళ్లు కూడా దాదాపుగా కనిపించవు. జలసంధికి అవతల ప్రధాన భూభాగంలో మాత్రం ఆ పనిముట్లు కొనసాగాయి. దీనికి వేరే వివరణలు ఇచ్చేవారూ ఉన్నారు. అయినా ఎక్కువగా వినిపించే మాట ఏమిటంటే, కొన్ని వేలమంది మాత్రమే ఉన్న చోట ప్రతి తరంలోనూ నేర్పుగల చేతులు కొద్దిగానే ఉంటాయి, అవి తప్పిపోతే మళ్లీ అందించడానికి బయటివారెవరూ ఉండరు. గ్రీన్‌లాండ్ వారికి బాఫిన్ ద్వీపం నుంచి బంధువులు వచ్చారు, టాస్మానియాకు ఎవరూ రాలేదు.

ఇక బొగ్గు సంగతి. పారిశ్రామిక విప్లవం ఇంగ్లండులోనే ఎందుకు మొదలైందని అడిగితే భూగోళవాదులు వెంటనే బొగ్గు గనులను చూపిస్తారు, అందులో నిజం లేకపోలేదు. 1712లో డడ్లీ దగ్గర థామస్ న్యూకమెన్ నిలబెట్టిన ఆవిరి యంత్రం, మండించిన బొగ్గులోని శక్తిలో నూటికి ఒక వంతును కూడా పనిగా మార్చలేకపోయేది. అంత దుబారా యంత్రాన్ని బొగ్గు దాదాపు ఉచితంగా దొరికే గని ముఖద్వారం దగ్గర తప్ప ఇంకెక్కడా నడపలేరు. అక్కడ దానికి పని కూడా సిద్ధంగా ఉంది, ఎందుకంటే గనుల్లో నీళ్లు ఊరుతూ ఉండేవి, వాటిని తోడి పోయాలి. కానీ బొగ్గు చైనాలోనూ ఉంది. ఉత్తర సాంగ్ రాజవంశం కాలంలో, అంటే 11వ శతాబ్దంలోనే, రాజధాని కైఫెంగ్ పరిసరాల్లో బొగ్గుతో ఇనుము కరిగించారు. ఆ కాలపు ఇనుము ఉత్పత్తి ఎంతన్నది వివాదాస్పదమే అయినా, అప్పటి యూరప్‌లో ఎక్కడా అంత ఇనుము తయారు కాలేదనడంలో పెద్దగా వివాదం లేదు. అదీగాక ఇంగ్లండు కింద బొగ్గు కోట్ల ఏళ్లుగా పడి ఉంది. అది 18వ శతాబ్దంలోనే ఎందుకు యంత్రమైందో చెప్పాలంటే నేలను వదిలి మనుషుల దగ్గరికి రావాలి.

ఇక్కడ జేమ్స్ వాట్ జీవితాన్ని కాస్త నిదానంగా చూడాలి. స్కాట్లాండులోని గ్రీనాక్‌లో పుట్టిన వాట్, కొలత పరికరాలు చేసే పని నేర్చుకోవడానికి 1755లో లండన్ వెళ్లాడు. ఏడేళ్ల శిష్యరికం చేయకుండా ఎవరూ పని నేర్పని రోజులవి. జాన్ మోర్గాన్ అనే పనివాడు ఇరవై గినీలు తీసుకుని ఒక్క ఏడాదిలో నేర్పడానికి ఒప్పుకున్నాడు. అతనికి, వాట్‌కు ఏ బంధుత్వమూ లేదు. తిరిగి వచ్చాక గ్లాస్గో వృత్తిసంఘం వాట్ దుకాణం పెట్టుకోవడానికి అడ్డు చెప్పింది. విశ్వవిద్యాలయం తన ఆవరణలో చోటిచ్చింది. అక్కడ 1763లో మరమ్మతుకు వచ్చిన న్యూకమెన్ యంత్రపు నమూనాను చూస్తూ, ఆవిరిని సిలిండరులోనే చల్లార్చడం వల్ల వేడి వృథా అవుతోందని గమనించి, 1765లో దానికి వేరే పాత్ర పెట్టాలన్న ఆలోచనకు వచ్చాడు. ఆ విశ్వవిద్యాలయంలోనే గుప్తోష్ణం (నీరు ఆవిరయ్యేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే లోపల చేరే వేడి) మీద పరిశోధించిన జోసెఫ్ బ్లాక్ అతనికి స్నేహితుడూ అప్పిచ్చినవాడూ అయ్యాడు. పెట్టుబడి పెట్టిన జాన్ రోబక్ దివాలా తీస్తే, ఆయన వాటాను బర్మింగ్‌హామ్ కర్మాగారాధిపతి మాథ్యూ బౌల్టన్ తీసుకున్నాడు. ఆవిరి బయటికి జారకుండా గుండ్రంగా, సూటిగా తొలిచిన పెద్ద సిలిండరు ఎవరూ చేయలేకపోతే, ఫిరంగి గొట్టాలు తొలిచే జాన్ విల్కిన్సన్ 1775లో దాన్ని సాధించాడు. పనివాడు, రసాయన శాస్త్రవేత్త, ఇద్దరు పెట్టుబడిదారులు, ఇనుప కార్ఖానా యజమాని. వీరంతా ఒకరికొకరు పరాయివారే, అయినా డబ్బు విషయంలోనూ రహస్యం విషయంలోనూ ఒకరినొకరు నమ్మారు.

బంధుత్వానికి ఇందులో అసలు చోటే లేదని మాత్రం అనను. విశ్వవిద్యాలయంతో వాట్‌కు పరిచయం కలిగించింది తల్లి తరఫు బంధువైన ఒక ఆచార్యుడు. 1764లో వాట్ పెళ్లి చేసుకున్నది కూడా తన బంధువుల అమ్మాయినే. దగ్గరి బంధువులను చేసుకోవడం మానేసినందువల్లే పశ్చిమ యూరప్ ముందుకు వెళ్లిందని వాదించేవారికి ఈ చిన్న సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అయితే ఆ వాదాన్ని నవ్వి తోసిపుచ్చలేం. 1965లో జాన్ హైనల్ అనే జనాభా శాస్త్రవేత్త పెళ్లి రికార్డులను పరిశీలించి, లెనిన్‌గ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నుంచి ఇటలీలోని ట్రియెస్టె దాకా ఐరోపా పటం మీద ఒక గీత గీయవచ్చని చూపించాడు. ఆ గీతకు పడమర వైపు స్త్రీలు ఇరవై నాలుగైదేళ్లు దాటాక పెళ్లి చేసుకునేవారు, గణనీయమైన సంఖ్యలో అసలు చేసుకునేవారే కాదు. చేసుకున్నవారు అత్తవారింట్లో చేరకుండా వేరు కాపురం పెట్టేవారు. వేరు కాపురానికి ఖర్చవుతుంది కాబట్టి, పదమూడు పద్నాలుగేళ్ల నుంచి పెళ్లి దాకా ఆడామగా తేడా లేకుండా ఇంకొకరి ఇంట్లో పనివాళ్లుగానో శిష్యులుగానో గడిపేవారు. చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ బృందం పాత గ్రామ పట్టికలను లెక్కవేసి, 16వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం తొలినాళ్ల దాకా ఇంగ్లండులో సగటు ఇంటికి 4.75 మందే ఉండేవారని, అందులో ఆ పరాయి పిల్లలు కూడా కలిసే ఉన్నారని తేల్చింది. యంత్రాలు వచ్చాక ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయనే మనకు అలవాటైన కథ ఈ అంకెతో తలకిందులైంది. చిన్న కుటుంబం యంత్రం కంటే ముందే ఉంది.

నా దృష్టిలో ఇక్కడ ముఖ్యమైనది కుటుంబం చిన్నదా పెద్దదా అన్నది కాదు. పిల్లవాడు పని నేర్చుకునే వయసులో ఎవరి ఇంట్లో ఉన్నాడన్నది ముఖ్యం. తండ్రి దగ్గరే నేర్చుకునేవాడికి తండ్రికి తెలిసినదే తెలుస్తుంది. పరాయి యజమాని దగ్గర ఏడేళ్లు ఉండి, ఆ తర్వాత మరో ఊళ్లో కూలికి కుదిరి, ఇరవై ఆరేళ్లకు సొంత కొలిమి పెట్టుకునేవాడు ఇద్దరు ముగ్గురు పనివాళ్ల పద్ధతులను పోల్చి చూసి ఉంటాడు. 1563 నాటి ఇంగ్లండు చట్టం ఏడేళ్ల శిష్యరికాన్ని తప్పనిసరి చేసినప్పుడు దాని ఉద్దేశం కూలివాళ్లను అదుపులో పెట్టడమే. పనితనాన్ని ఇల్లు దాటించాలన్న ఆలోచన దాని వెనుక లేదు.

ఈ కుటుంబ రూపం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మళ్లీ నేల దగ్గరికే తిరిగి వస్తాం, కొంతవరకైనా. ఉత్తర యూరప్‌లోని తడి బంకమట్టి నేలలు మధ్యధరా ప్రాంతపు తేలిక నాగలికి లొంగలేదు. మట్టిని తిరగేసే బరువైన నాగలి కావలసి వచ్చింది, దాన్ని లాగడానికి ఒక్కోసారి ఎనిమిది ఎద్దులు కావలసి వచ్చేవి. ఒక్క ఇంటికి అన్ని ఎద్దులు ఉండవు కాబట్టి, బంధువులైనా కాకపోయినా ఊరివాళ్లు ఎద్దులను కలుపుకోక తప్పలేదని కొందరు చరిత్రకారులు వాదించారు. దీని మీద చర్చి నియమాలు వచ్చి పడ్డాయి. ఒక దశలో ఏడో తరం దాకా బంధువులను పెళ్లాడకూడదని నిషేధించి, అది అమలు కాదని గ్రహించి 1215లో రోమ్‌లో జరిగిన లాటరన్ చర్చి సభలో నాలుగు తరాలకు తగ్గించారు. నాలుగు తరాల నిషేధం కూడా తక్కువది కాదు. ఒక ఊరివాడికి సొంత వంశంలో వధువు దొరకడం కష్టమవుతుంది, ఆస్తి వంశంలోనే తిరగడం ఆగిపోతుంది. వంశం అండ తగ్గిన చోట వృత్తిసంఘాలు, స్వయంపాలిత పట్టణాలు, విశ్వవిద్యాలయాలు లాంటి కల్పిత బంధుత్వాలు పుట్టుకొచ్చాయన్నది ఇటీవలి పరిశోధకుల్లో బలంగా వినిపిస్తున్న వాదన. కొండ ప్రాంతాల్లో, పశువుల మంద మీద బతికే చోట, ఉదాహరణకు స్కాట్లాండ్ ఎగువ భూముల్లోనూ అల్బేనియాలోనూ, వంశాలు చాలాకాలం బలంగా నిలిచాయి; మందను రాత్రికి రాత్రి తోలుకుపోగలరు కనుక కాపలాకు దాయాదులు కావాలి.

ఇంత చెప్పాక ఇంగ్లండు కుటుంబం విజ్ఞానానికి తలుపులు తెరిచిందని పొగడాలనిపించవచ్చు. చాంబర్లెన్ కుటుంబం కథ ఆ తొందరపాటును ఆపుతుంది. ఫ్రాన్సు నుంచి మతపీడన తప్పించుకుని 1569లో ఇంగ్లండు చేరిన ఈ కుటుంబంలో పురుడు పోసే వైద్యులు పుట్టారు. కష్టమైన కాన్పులో బిడ్డ తలను పట్టి బయటికి తీసే ఫోర్‌సెప్స్ వాళ్లు కనిపెట్టిందే. దాన్ని పెద్ద పెట్టెలో దాచి తెచ్చేవారని, గదిలోంచి అందరినీ పంపేసేవారని, గర్భిణి కళ్లకు కూడా గంతలు కట్టేవారని చెబుతారు. 1670లో ఆ వంశీయుడు హ్యూ చాంబర్లెన్ పారిస్ వెళ్లి రహస్యాన్ని అమ్మజూపాడు. పరీక్షగా అప్పగించిన కాన్పు విఫలమై తల్లి మరణించడంతో బేరం కుదరలేదు. వందేళ్లకు పైగా, తరతరాలుగా ఆ సాధనం ఒక్క ఇంటి సొత్తుగా ఉండిపోయింది. ఆ కాలంలో ఎందరు తల్లులు, ఎందరు బిడ్డలు పోయారో లెక్కవేసినవారు లేరు. 1730లలో దాని వివరాలు అచ్చయ్యాయి. 1813లో ఎసెక్స్‌లోని వారి పాత ఇంట్లో, నేల పలకల కింద దాచిన అసలు ఫోర్‌సెప్స్ బయటపడ్డాయి. వాట్ తిరిగిన దేశం, ఈ పెట్టె తిరిగిన దేశం ఒకటే. కుటుంబానికి ఆ నైపుణ్యమే ఏకైక ఆస్తి అయినప్పుడు, పేటెంటు లాంటి రక్షణ అందనప్పుడు, ఏ దేశంలోనైనా ఇల్లు పెట్టెకు తాళం వేస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో చైనా సిచువాన్‌లోని జిగాంగ్ ఉప్పు బావులున్నాయి. బలమైన వంశవ్యవస్థ సాంకేతికతను అణచివేస్తుందని అలవోకగా రాసేవారు ఆ బావుల గురించి తప్పక తెలుసుకోవాలి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ప్రాంతానికి ఉప్పు కావాలంటే భూగర్భంలోని ఉప్పునీటిని తోడడమే సులువైన దారి. వెదురు పేళ్లతో పేనిన తాడుకు బరువైన ఇనుప ఉలిని వేలాడదీసి, మనుషులు తూగుబల్ల మీద గెంతుతూ దాన్ని ఎత్తి దించుతూ, రోజుకు కొద్ది అంగుళాల చొప్పున రాతిని తొలిచేవారు. షెన్‌హై అనే బావి పదమూడేళ్ల శ్రమ తర్వాత 1835లో 1001 మీటర్ల లోతుకు చేరింది. ప్రపంచంలో వెయ్యి మీటర్లు దాటిన మొదటి బావి అదే. పక్కనే ఎగదన్నే సహజ వాయువును వెదురు గొట్టాల్లో పట్టి, ఆ మంట మీదనే ఉప్పునీటిని మరిగించేవారు.

ఒక్క మనిషి ఆయుష్షులో పదమూడేళ్లు ఫలితం లేకుండా పెట్టుబడి పెట్టడం సామాన్యమైన పని కాదు. ఆ ఓపిక ఎక్కువగా వంశాల నుంచి వచ్చింది. పూర్వికుల ఆరాధన కోసం ఏర్పరిచిన ఉమ్మడి ఆస్తిని వారసులు పంచుకోవడానికి వీలుండదు. ఆ పంచరాని ఆస్తే బావులకు మూలధనమైంది. దానికి బయటివారి వాటాలు కూడా కలిపి, ఎవరి వంతు ఉప్పునీరు ఎంతో లిఖితపూర్వక ఒప్పందాలు రాసుకున్నారు. మామూలు ఆస్తి మాత్రం చైనాలో కొడుకులందరికీ సమానంగా పంచే పద్ధతి ఉండేది కనుక, తండ్రి కట్టిన కార్ఖానా రెండు తరాల్లో నాలుగు ముక్కలయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. అంటే పితృదేవతల పేర పెట్టిన సొమ్ము, కొడుకుల పేర పెట్టిన సొమ్ము ఒకే ఇంట్లో రెండు వేర్వేరు పద్ధతుల్లో నడిచేవి, మొదటిదే యంత్రాలకు పనికొచ్చింది.

చైనా వంశాలు పెట్టుబడి పెట్టిన మరో రంగం రాజోద్యోగ పరీక్షలు, అక్కడ మాత్రం సాంకేతికతకు నష్టమే జరిగిందని నా అభిప్రాయం. వంశపు పొలం ఆదాయంతో చురుకైన కుర్రవాణ్ణి చదివించి, అతను అధికారి అయితే వంశమంతా లాభపడేది. 1905లో రద్దయ్యేదాకా ఆ పరీక్షలు ప్రధానంగా ప్రాచీన గ్రంథాల మీదే నడిచాయి. విశాలమైన మైదానాలు, పెద్ద నదులు ఒకే సామ్రాజ్యాన్ని పదేపదే నిలబెట్టిన నేల మీద, కుటుంబాలన్నీ ఒకే గుమ్మం ముందు వరుస కట్టడంలో ఆశ్చర్యం లేదు. యూరప్‌లో కొండలు, సముద్రపు పాయలు రాజ్యాలను చిన్నచిన్నగా ఉంచడం వల్ల ఒక కొలువులో కాదన్నవాడు మరో కొలువుకు పోగలిగాడు. పోర్చుగల్ రాజు కాదన్న కొలంబస్‌కు చివరికి 1492లో స్పెయిన్ ఓడలిచ్చింది.

జపాన్ పద్ధతి ఈ రెండింటికీ భిన్నం, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది కూడా అదే. అక్కడ ఇల్లు అంటే రక్తసంబంధం కంటే ఒక సంస్థ అన్న అర్థం బలంగా ఉంది. ఆస్తి ముక్కలు కాకుండా ఒక్క వారసుడికే వెళ్తుంది. కొడుకు లేకపోయినా, ఉన్న కొడుకు చేతకానివాడైనా, సమర్థుడైన యువకుణ్ణి అల్లుడిగా చేసుకుని ఇంటిపేరిచ్చి దత్తత తీసుకుంటారు. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికం, దత్తత కలిసిన ఏర్పాటు. ఈ విధానం వల్ల పనితనం ఇల్లు దాటనక్కర్లేదు, పనిమంతుడే ఇంట్లోకి వస్తాడు. 578లో మొదలై ఆలయాలు నిర్మించే పనిలో 2006 దాకా స్వతంత్రంగా నిలిచిన కొంగో గుమి సంస్థ అన్ని తరాలు సాగడంలో ఇలాంటి అల్లుళ్ల పాత్ర ఉంది. 1924లో స్వయంచాలక మగ్గాన్ని పూర్తిచేసిన సకిచి టొయోడా కూతురి భర్త రిసబురో కూడా అలా దత్తత వచ్చినవాడే. ఆ మగ్గం హక్కులను 1929లో బ్రిటన్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు కొనుక్కుంది. సకిచి కొడుకు కీచిరో కార్ల తయారీ వైపు మళ్లాడు. 1937లో ఏర్పడిన టొయోటా మోటార్ కంపెనీకి మొదటి అధ్యక్షుడైనది మాత్రం ఆ అల్లుడు రిసబురో. నూలు మరలకు పుట్టినిల్లయిన దేశమే ఒక జపాన్ వడ్రంగి కొడుకు దగ్గర మగ్గం కొనుక్కోవలసి రావడం గురించి వేరుగా రాయాలి.

ఇప్పుడు దూరం అన్న అడ్డు చాలావరకు తొలగిపోయింది, శిష్యరికాన్ని పాఠశాలలు, కంపెనీలు చేపట్టాయి. కనుక భూగోళానికీ కుటుంబానికీ ఇక పని లేదనుకోవచ్చు. దక్షిణ కొరియా లెక్కలు చూస్తే అలా అనిపించదు. 2023లో అక్కడ స్త్రీకి సగటు సంతానం 0.72; అదే ఏడాది కర్మాగారాల్లో ప్రతి పదివేలమంది ఉద్యోగులకు 1012 రోబోలు ఉన్నాయి, ప్రపంచ సగటుకు ఆరు రెట్లు. రోబోలు పెరగడానికి ఎలక్ట్రానిక్స్, కార్ల పరిశ్రమలు కూడా కారణమే, ఒక్క సంతాన సంఖ్యతో అంతా చెప్పలేం. అయినా ఆలస్యపు పెళ్లిళ్లతో జనాభా అదుపులో ఉండి, కూలి ఖరీదై, ఖరీదైన కూలి వల్ల యంత్రం గిట్టుబాటైందని కొందరు చరిత్రకారులు చెప్పే ఇంగ్లండు పోలిక ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తేడా ఒక్కటే. ఆనాటి ఇంగ్లండులో పెళ్లి ఆలస్యమైనా ప్రతి కొలిమి దగ్గరా పని నేర్చుకునే కుర్రవాళ్లు ఉండేవారు. ఒక్కొక్క ఇంట్లో ఒక్క బిడ్డ కూడా లేని చోట, రోబోను నడపడం, బాగుచేయడం, దాన్ని మించినదాన్ని కట్టడం నేర్చుకోవడానికి ఎందరు మిగులుతారో రాబోయే ముప్పై ఏళ్లలో కొరియాలోనే మొదట తెలుస్తుంది.